కాలువ ఎంతో పడవ అంత

విశాఖపట్నంలో రాస్ హిల్ మీంచి హార్బరు వైపు చూస్తే, ఆ కొండకీ డాల్ఫిన్స్ నోస్‌కీ మధ్య సన్నటి నీళ్ల దారి కనిపిస్తుంది. 1933లో పోర్టు తెరిచిన నాటి నుంచీ ఇన్నర్ హార్బరుకు వెళ్లే ఓడలన్నీ అందులోంచే వెళ్తున్నాయి. మొన్నో ఆదివారం అక్కడ నిలబడి ఉండగా ఒక పెద్ద సరుకు ఓడ టగ్గుల సాయంతో నెమ్మదిగా లోపలికొచ్చింది. నేను ఓడను కాకుండా ఒడ్డున ఉన్న రాళ్లను చూస్తున్నాను. ఓడ పక్కకు వచ్చేసరికి ఆ రాళ్ల మీంచి నీళ్లు కిందికి జారాయి. అప్పటిదాకా మునిగి ఉన్న పాచి బయటపడింది. ఓడ వెనక భాగం దాటగానే జారిన నీళ్లన్నీ ఒక్క తోపుతో తిరిగొచ్చి రాళ్లను కప్పేశాయి.

ఫోన్లో తీసిన ఆ వీడియోను ఇంటికెళ్లి అమ్మమ్మకు చూపించాను. కోనసీమలో కాలువ గట్టున పెరిగిన మనిషి. ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఇందులో వింతేముందిరా? లాంచీ పక్కకొచ్చిందంటే రేవులో మెట్టు మీద నీళ్లు జారిపోయేవి. అది దాటాక ఎగదన్నుకుంటూ వచ్చేవి. గిన్నెలు తోముకుంటున్నవాళ్లం గబగబా పై మెట్టుకు ఎత్తుకునేవాళ్లం."

"మరి రాదారి పడవ వస్తేనో అమ్మమ్మా?"

"దానికా? దానికి కప్పైనా ఉలిక్కిపడదు."

రాదారి పడవంటే కాలువల మీద ప్రయాణికులను తీసుకెళ్లే పడవ. బస్సులు రాకముందు డెల్టా జనానికి అదే బస్సు. అదే కాలువలో లాంచీ వెళ్తే నీళ్లు జారడం, రాదారి పడవ వెళ్తే కదలకపోవడం ఎందుకో అర్థమైతే, ప్రపంచంలో ఒక్కోచోట కాలువ పడవ ఒక్కో రూపంలో ఎందుకు తయారైందో కూడా అర్థమవుతుంది. స్కాట్లాండులో పడవ 70 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు. అమెరికాలో ఈరీ కాలువ మీద దాదాపు అదే పొడవుకు 14 అడుగుల వెడల్పు. మన దగ్గర పొట్ట వెడల్పుగా, అడుగు చదునుగా ఉండే చెక్క పడవ. కట్టినవాళ్ల అభిరుచి వల్ల ఇంత తేడా రాలేదు. కాలువే పడవ రూపాన్ని నిర్ణయించింది.

ముందు నీళ్లు ఎందుకు జారతాయో చూద్దాం. సముద్రంలో పడవ ముందుకు వెళ్తుంటే, దాని ముందున్న నీళ్లు ఎటు కావాలంటే అటు తప్పుకోవచ్చు. కాలువలో అలా కుదరదు. రెండు పక్కలా గట్లు, కింద మట్టి. పడవ ఎంత చోటు తోసుకుంటూ ముందుకు వెళ్తే, అన్ని నీళ్లూ పడవకూ గట్టుకూ మధ్య మిగిలిన సందులోంచి వెనక్కి పరిగెత్తాలి. కాలువ 10 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉందనుకోండి. అడ్డంగా కోస్తే 15 చదరపు మీటర్లు. మూడు మీటర్ల వెడల్పున్న పడవ ముప్పావు మీటరు లోతు మునిగితే అందులో రెండుంపావు చదరపు మీటర్లు అదే ఆక్రమిస్తుంది. అంటే ఏడో వంతు మూసుకుపోయినట్టే. వేగంగా పారే నీటి మట్టం కొంచెం తగ్గుతుంది. రాళ్ల మీంచి, మెట్ల మీంచి నీళ్లు జారడం అదే. మట్టం తగ్గితే దాంతోపాటు పడవ కూడా కిందికి దిగి, అడుగు మట్టికి దగ్గరవుతుంది. లాగడం మరింత బరువవుతుంది. పెద్ద ఓడలు ఇన్నర్ హార్బరులోకి అంత నెమ్మదిగా రావడానికి ఇదీ ఒక కారణం.

ఇదంతా వేగాన్ని బట్టి ఉంటుంది. మనుషులు తాడు కట్టి లాగే పడవ నడక వేగంతో వెళ్తుంది కాబట్టి, వెనక్కి రావడానికి నీళ్లకు కావలసినంత తీరిక దొరుకుతుంది. లాంచీకి అంత ఓపిక లేదు. రేవులో గిన్నెలు ఎత్తుకోవాల్సి రావడం అందుకే.

మరి కాలువ మీద వేగంగా వెళ్లాలంటే? ఈ ప్రశ్నకు జవాబు స్కాట్లాండులో దొరికింది, అదీ అనుకోకుండా. గ్లాస్గో నుంచి పైస్లీ మీదుగా జాన్‌స్టన్ దాకా వెళ్లే కాలువ ఉండేది. ఆ కాలువలో వాటాదారుడైన విలియం హ్యూస్టన్ పడవను లాగుతున్న గుర్రం ఒకసారి బెదిరి పరుగు లంకించుకుందట. పడవ ముందు పోగైన నీటి గుట్ట చెదిరిపోయి, పడవ తేలిగ్గా జారిపోవడం ఆయన గమనించాడని చెబుతారు. అది 1830 ప్రాంతం. ఆ తర్వాత ఆ కాలువ మీద తేలికైన ఇనుప రేకులతో కట్టిన సన్నటి పడవలు నడిపారు. రెండు గుర్రాలు దౌడు తీస్తుంటే, గంటకు 16 కిలోమీటర్ల వేగంతో, వందమందికి దగ్గరగా జనం కూర్చుని వెళ్లేవారు. గుర్రాలు అలిసిపోతాయి కాబట్టి ప్రతి ఆరు కిలోమీటర్లకూ కొత్త జత కట్టేవారు.

దీని వెనకున్న లెక్క చిన్నదే. లోతు తక్కువైన నీటిలో అలకు ఒక సొంత వేగం ఉంటుంది. లోతును మీటర్లలో తీసుకుని 9.8తో గుణించి వర్గమూలం కడితే, సెకనుకు ఎన్ని మీటర్లో తేలుతుంది. మీటరున్నర లోతుకు అది సెకనుకు 3.8 మీటర్లు, అంటే గంటకు దాదాపు 14 కిలోమీటర్లు. పడవ వేగం ఇంతకు దగ్గరయ్యే కొద్దీ అది పుట్టించే అల దాన్ని వదిలి వెళ్లలేక ముక్కు దగ్గరే పోగవుతూ ఉంటుంది. పడవ తన అలనే తాను ఎక్కుతున్నట్టు ఉంటుంది పరిస్థితి. ఎంత లాగినా ముందుకు కదలదు, గట్లు మాత్రం కోసుకుపోతాయి. అయితే ఒక్క ఊపుతో ఆ వేగాన్ని దాటేస్తే పడవ అల నెత్తికెక్కుతుంది. లాగే బరువు తగ్గుతుంది, వెనకాల నీళ్లూ శాంతిస్తాయి. గంటకు 11, 12 కిలోమీటర్ల దగ్గర గట్టును కొరికేసే పడవ 16 దగ్గర గట్టుకు తక్కువ హాని చేస్తుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే, ఎందుకంటే మామూలు బుద్ధికి ఇది పూర్తిగా తలకిందులు.

ఇప్పుడు ఆ పడవ రూపం చూడండి. ఒక్క ఊపుతో అల మీదికి ఎక్కాలంటే బరువు తక్కువుండాలి, అందుకే పల్చని రేకు. కాలువను తక్కువగా మూయాలి, అందుకే అయిదున్నర అడుగుల వెడల్పు. అంతమంది పట్టాలి, అందుకే 70 అడుగుల పొడవు. దేనికది లెక్క.

1834లో జాన్ స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కాలువ గట్టు మీద ఇలాంటి పడవనే గమనిస్తున్నాడు. పడవ ఉన్నట్టుండి ఆగింది. దాని ముందున్న నీటి గుట్ట మాత్రం ఆగకుండా, నునుపుగా, ఒంటరిగా ముందుకు దొర్లుకుంటూ పోయింది. ఆయన గుర్రమెక్కి వెంబడించాడు. 30 అడుగుల పొడవు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు ఉన్న ఆ అల గంటకు 13, 14 కిలోమీటర్ల వేగంతో, రూపం చెదరకుండా రెండు మూడు కిలోమీటర్లు వెళ్లాక కాలువ మలుపుల్లో మాయమైంది. పైన వేసిన లెక్కతో ఆ వేగాన్ని పోల్చి చూసుకోండి. అప్పట్లో పెద్దపెద్ద గణిత పండితులు దీన్ని నమ్మలేదు. 1895లో కార్టెవెగ్, డి వ్రీస్ అనే ఇద్దరు డచ్చివాళ్లు దానికి సమీకరణం రాశారు. తర్వాతి కాలంలో దాన్ని సాలిటాన్ అన్నారు. ఈ రోజు ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి స్పందనల గురించి చదువుకునే పిల్లలకు కూడా ఈ మాట తగులుతుంది. ప్రయాణికుల పడవ ఒకటి ఆగితే పుట్టిన శాస్త్రమది.

సన్నటి పడవకు ఒక భయం ఉంది, ఒరగడం. నీటి మీద పరుచుకున్న వెడల్పు రెట్టింపైతే, పడవను ఒరగనీయకుండా ఆ వెడల్పు ఇచ్చే బలం ఎనిమిది రెట్లు అవుతుంది. సగానికి తగ్గిస్తే ఎనిమిదో వంతే మిగులుతుంది. పైస్లీ కాలువ తెరిచిన కొద్ది రోజులకే, 1810 నవంబరు 10న, ఒడ్డుకు వచ్చిన పడవలోకి దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోసుకుంటూ ఎక్కారు. బరువంతా ఒక పక్కకు పడి పడవ బోల్తా కొట్టింది. మనిషి లోతు నీళ్లలో, ఒడ్డు పక్కనే, 80 మందికి పైగా చనిపోయారు. కాలువే కదా, మునిగేంత లోతు లేదు కదా అనుకునే చోట జరిగింది అది. మన పండగ రోజుల్లో రేవుల దగ్గర తోపులాట చూసినప్పుడల్లా నాకు ఈ తేదీ గుర్తొస్తుంది.

లాకుల సంగతికొస్తే (పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎత్తి దించే తలుపుల గదులవి), ఇంగ్లండులో కాలువల ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ వాటిని దాదాపు 7 అడుగుల వెడల్పు, 72 అడుగుల పొడవుతో కట్టించాడు. అంతే, ఆ కాలువల మీద తిరిగే పడవలన్నీ తరతరాలుగా 7 అడుగుల లోపు వెడల్పుతోనే పుట్టాయి. అక్కడి డ్యూక్ ఆఫ్ బ్రిడ్జ్‌వాటర్ కాలువలో ప్రయాణికుల పడవకు ముక్కు మీద వంకర కత్తి ఒకటి బిగించేవారు. దారివ్వని సరుకు పడవ తాడును అది కోసేసేది. ప్రయాణికుల పడవకు ఉన్న హక్కు అలాంటిది.

ఇక తాడు. గట్టు మీంచి లాగితే పడవ ముందుకే కాదు, గట్టు వైపుకూ వస్తుంది. పడవకూ గట్టుకూ మధ్య 5 మీటర్లుంటే, 30 మీటర్ల తాడుకు పక్కలాగుడు మొత్తంలో ఆరో వంతు. 10 మీటర్ల తాడుకైతే సగం. అందుకే పొడుగు తాడు. దాన్ని పడవ ముక్కుకు కడితే ముక్కు నేరుగా గట్టులో గుచ్చుకుంటుంది. కొంచెం వెనక్కి, ముందు నుంచి మూడో వంతు దగ్గర నిలబెట్టిన కొయ్యకు కడితే, మిగతా పక్కలాగుడును చుక్కాని సరిచేసుకుంటుంది. కొయ్య ఎత్తు వల్ల గట్టున ఉన్న తుప్పలకు తాడు తగలదు. డచ్చివాళ్లు 1632లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హార్లెమ్‌కు గుర్రం లాగే ప్రయాణికుల పడవలు మొదలుపెట్టినప్పుడు, మలుపుల దగ్గర గట్టున తిరిగే నిలువు స్తంభాలు పాతారు. తాడు వాటి చుట్టూ తిరిగితే పడవ మలుపు కోసెయ్యకుండా కాలువ మధ్యలోనే ఉండేది. గంటకు 7 కిలోమీటర్లు. వేగం పెద్దగా లేదు, కానీ గంట కొట్టినట్టు గంటగంటకూ పడవ బయల్దేరేది. నిలవ నీళ్లు, చదునైన దేశం, కచ్చితమైన టైము. వాళ్ల కాలువకు అది సరిపోయింది.

గోదావరి డెల్టాలో స్కాట్లాండు పద్ధతీ, డచ్చి పద్ధతీ రెండూ పనిచేసేవి కావు. కారణం, మన కాలువలు ముందు పొలానికి, తర్వాతే పడవకు. 1847 నుంచి 1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గోదావరికి రాకముందు మన విశాఖపట్నంలో పనిచేశాడు, సముద్రపు కోత నుంచి ఊరిని కాపాడేందుకు ఒడ్డున అడ్డుకట్టలు వేయించాడు. రైలు కన్నా నీటి దారే ఈ దేశానికి చవక అని జీవితాంతం వాదించిన మనిషి. కానీ పొలం కోరేది, పడవ కోరేది ఒకటి కాదు. పొలానికి నీళ్లు పారాలి, అంటే కాలువకు వాలు ఉండాలి. పడవకు నీళ్లు నిలవాలి. ఈ రెండింటి మధ్య రాజీయే మన లాకులు. వాలును కొంచెం కొంచెంగా పంచి, మిగిలిన పల్లాన్ని లాకు దగ్గర ఒక్క మెట్టుగా దించారు.

అయినా ప్రవాహం ఉండనే ఉంది. నీళ్లతో పోల్చి పడవ గంటకు 4 కిలోమీటర్లు వెళ్తుంది, కాలువ కిలోమీటరున్నర వేగంతో పారుతోంది అనుకుంటే, దిగువకు అయిదున్నర కిలోమీటర్లు గిట్టుతాయి, ఎగువకు రెండున్నరే. ఎగువకూ 4 కావాలంటే నీళ్లతో పోల్చి అయిదున్నర వేగం తీయాలి. ఈ వేగాల్లో లాగే బరువు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి దాదాపు రెండింతల లాగుడు కావాలి. గట్టు మీద తాడు భుజాన వేసుకుని నడిచే మనుషులకు అది అయ్యే పని కాదు. అందుకని మన పడవ వేగం జోలికే పోలేదు. వేగం అక్కర్లేనప్పుడు సన్నగా ఉండాల్సిన అవసరం లేదు, పొట్ట వెడల్పు పెంచుకోవచ్చు. వెడల్పు ఉంటే ఒరగదు, జనం హాయిగా పడుకోవచ్చు, బస్తాలూ కొబ్బరికాయలూ వేసుకోవచ్చు. పొలాల వంతులను బట్టి కాలువ మట్టం మారుతుంది, ఒండ్రు మేట వేస్తుంది, కాబట్టి అడుగు చదునుగా, తక్కువ లోతు మునిగేలా ఉండాలి. తాడుతోపాటు గెడ కావాలి, పైరగాలి తిరిగితే తెరచాప కావాలి. స్కాట్లాండు పడవలో ఎంత లెక్క ఉందో ఇందులోనూ అంతే ఉంది. ఆ లెక్క పడవలు కట్టే వడ్రంగి చేతిలో ఉండేది, కాగితం మీదకు ఎక్కలేదు.

అమ్మమ్మ పన్నెండేళ్ల వయసులో అమలాపురం నుంచి రాజమండ్రి పెళ్లికి రాదారి పడవలో వెళ్లింది. సాయంత్రం ఎక్కితే, ఎండెక్కే వేళకు లొల్ల లాకులు. ఎగువ ప్రయాణం కదా. గుండ్రటి కప్పు కింద ఆడవాళ్లూ పిల్లలూ, ముందు వైపు మగవాళ్లు, మధ్యలో వేలాడే లాంతరు. వంతెన వచ్చినప్పుడల్లా సరంగు కేకేసేవాడు, కొయ్య దించేవారు. దారిలో ఏదో లాకు దగ్గర నడిరాత్రి మెలకువ వచ్చిందట. "రెండు పక్కలా తడిగోడలు. పాచి వాసన. నూతిలో పడ్డామేమో అనుకుని ఏడ్చాను. అమ్మ ఎత్తుకుని, గోడ చూడవే, ఎలా దిగిపోతోందో చూడు అంది."

దిగింది గోడ కాదు, లేచింది పడవ. లాకు గదిలోకి పడవ వచ్చాక వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపులకున్న చిన్న తూములు ఎత్తితే ఎగువ నీళ్లు గదిలోకి వస్తాయి. రెండు తలుపులూ ఎగువ వైపుకు కోణంగా కలుస్తాయి, కాబట్టి నీటి బరువే వాటిని ఒకదానికొకటి అదిమి పట్టుకుంటుంది, గొళ్లెం అక్కర్లేదు. లోపలా బయటా మట్టం సమానమైతే తప్ప ఎంతమంది తోసినా తెరుచుకోవు. సమానమయ్యాక ఇద్దరు మనుషులు నడుం ఆనించి తోస్తే చాలు. ఆ నింపే కొద్ది నిమిషాల్లో లోపలికి దూకే నీళ్లు పడవను గోడకేసి కొట్టకుండా తాడు పట్టి, వదులు లాక్కుంటూ ఉండాలి. ఆ దెబ్బలు తట్టుకోవాలి కాబట్టే ఇక్కడ పల్చటి రేకు కన్నా మందమైన చెక్క నయం.

1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన తెరిచాక దూరప్రయాణం రైలుదైంది. అంతకుముందు కాకినాడలో పడవెక్కినవాళ్లు ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా వెళ్లగలిగేవారు. తర్వాత గట్లే రోడ్లయ్యాయి, వాటి మీద బస్సులొచ్చాయి. రైలు అందని కోనసీమలో పడవలు ఇంకొంత కాలం నిలిచాయి. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తే పడవ ఆగిపోవాలి, బస్సుకు ఆ బాధ లేదు. 2008లో ఈ కాలువల వరసను జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. పడవలు మళ్లీ రావాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే పాత లెక్క మారదు. ఇంజను పెట్టగానే గట్టు కోత, రేవులో నీళ్లు జారడం కూడా వస్తాయి. వేరే చోటి పడవను తెచ్చి వదిలితే కుదరదు, ఈ లోతుకూ ఈ వెడల్పుకూ తగ్గట్టు వేగం, రూపం ఎంచాలి.

ఆ పరీక్ష చేసే చోటు మన ఊళ్లోనే ఉంది. ఎన్ఏడీ కూడలి దగ్గర నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతున్న నీటి తొట్టి ఉంది. పట్టాల మీద నడిచే బండికి ఓడ నమూనాను కట్టి అందులో లాగి, ఎంత బలం పడుతోందో కొలుస్తారు. విలియం ఫ్రూడ్ 1872లో ఇంగ్లండులో టోర్కీ దగ్గర కట్టిన తొట్టికి వారసుడది. చూడ్డానికి అదీ ఒక కాలువే, తాడు బదులు బండి లాగుతుంది. 8 మీటర్ల లోతెందుకంటారా? పైన చెప్పిన లెక్క వేస్తే అక్కడ అల సొంత వేగం గంటకు 32 కిలోమీటర్లు దాకా వస్తుంది. చిన్న నమూనాను మామూలుగా లాగే వేగాలు దానికి దూరంగా ఉంటాయి కాబట్టి అడుగు ప్రభావం కొలతలో చొరబడదు. రాదారి పడవ వడ్రంగి రాత్రీపగలూ లెక్కలోకి తీసుకున్న అడుగునీ గట్టునీ ఇక్కడ కావాలనే దూరం పెట్టారు.

ఇంగ్లండులో పాత కాలువ వంతెనల అంచులకు బిగించిన ఇనుప పట్టీల్లో వేలు పట్టేంత లోతు గాడులున్నాయి. తడిసి ఇసుక పట్టిన తాళ్లు ఏళ్ల తరబడి రాసుకుని ఇనుమునే కోశాయి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు లొల్ల లాకుల దగ్గర ఆగుదామని అమ్మమ్మతో అన్నాను. గోడ అంచులు, వంతెన మూలలు తడిమి చూడాలని ఉంది.

"తాడు ఎడం పక్క గట్టు మీంచి లాగేవారు," అంది అమ్మమ్మ. "అటు వైపే చూడు."